లింటెల్ లేని గుమ్మం

శుక్రవారం పొద్దున పద్మనాభం చేయవలసిన పని ఒక్కటే. గరాజ్‌లో ఉన్న గుడిని మినీవ్యాన్‌లోకి ఎక్కించి, ఆష్‌బర్న్ నుంచి వాషింగ్టన్ దాకా నెమ్మదిగా తీసుకెళ్లి, మధ్యాహ్నం ఒకటిన్నరకల్లా యూనివర్సిటీలో దింపాలి. కౌంటీలో ముప్పై ఏళ్లు బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి కిందటేడే రిటైరైన మనిషికి ఇదేమంత పని అనుకోవచ్చు. ఆయన మాత్రం ముందురోజే దారి చూసి వచ్చాడు, ఎక్కడెక్కడ గతుకులున్నాయో కాగితం మీద రాసుకున్నాడు.

గుడి అంటే నమూనా. వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న దేదీప్య ఎనిమిది నెలలు నేల మీద కూర్చుని కట్టింది. థాయ్‌లాండ్‌లో చల్లారిపోయిన ఒక అగ్నిపర్వతం నెత్తిన, వెయ్యేళ్ల నాడు శివుడికి కట్టిన ఫనోమ్ రుంగ్ ఆలయం అది. ఇప్పుడదొక రక్షిత చారిత్రక పార్కు. కూలిన రాళ్లకు నంబర్లు వేసి, ఏ రాయి ఎక్కడిదో వెతికి, ఏళ్ల తరబడి మళ్లీ పేర్చి నిలబెట్టారు. దేదీప్య కూడా బలపం రాయిని ముక్కలు ముక్కలుగా చెక్కి అలాగే పేర్చింది. ఆ పొడికి తుమ్ముతూనే పద్మనాభం భార్య పద్మ ఎనిమిది నెలలూ ఆ పిల్లకు పైనుంచి పప్పుచారు పంపింది.

ఇవాళ రెండింటికి ప్రొఫెసర్ల కమిటీ ముందు థీసిస్ డిఫెన్స్. అది గట్టెక్కితే డిగ్రీ, డిగ్రీ చేతికొస్తే జూన్ ఒకటిన బోస్టన్‌లో పాత కట్టడాలు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం. గట్టెక్కకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. ఎఫ్-1 వీసా మీద ఉన్న పిల్లకు ఆ తర్వాత దారేమిటో చెప్పడం ఆ పరమాత్ముడి వల్ల కూడా కాదు.

మెట్రో ఎక్కడానికి బయల్దేరుతూ దేదీప్య ఒక షూ బాక్స్ చూపించింది.

"అంకుల్, ఇది మస్త్ ఇంపార్టెంట్. లింటెల్ ఇందులనే ఉంది. ఇది లేకపోతే నా థీసిసే లేదు. దీన్ని సపరేట్‌గా ఎందుకు పెట్టిన్నంటే..."

"తెలుసమ్మా. ముప్పై ఏళ్లు లింటెల్స్ చూసినవాణ్ణి. దార్లో ఊడిపోతుందని విడిగా పెట్టావు."

"అది కాదంకుల్, ఆ గుమ్మం..."

"గుమ్మం సంగతి నాకొదిలెయ్ తల్లీ. ట్రైన్ మిస్సవుతావ్, నడు నడు!"

పద్మనాభంలో ఉన్న దుర్గుణం అదొక్కటే. ఎదుటివాళ్ల వాక్యానికి చుక్క పడేదాకా ఆగలేడు. ఆ లింటెల్ కథ ఆయనకు తెలియనిదేం కాదు. జానెడు బలపం రాతి మీద శేషతల్పాన పవళించిన విష్ణుమూర్తి, బొడ్డులోంచి లేచిన తామర, దాని మీద బ్రహ్మ. అసలు రాయి ఆ గుడి తూర్పు గుమ్మం మీదుండేది. అరవైల్లో మాయమైంది. షికాగోలో ఒక మ్యూజియంలో తేలింది. జనం ఊరుకోక పట్టుబడితే ఎనభై ఎనిమిదిలో తిరిగి ఇంటికి చేరింది. ఇదంతా దేదీప్య ఒకసారి భోజనాల దగ్గర చెప్పింది, ఆయన మధ్యమధ్యలో అడ్డం పడుతూనే విన్నాడు.

వ్యాన్ టైర్లలో గాలి కొట్టించుకుని, ఎందుకైనా మంచిదని ఒక జిగురు ట్యూబు కొని, ఆయన తిరిగొచ్చేసరికి పది కావస్తోంది. గరాజ్‌లో గుడి ఉంది. షూ బాక్స్ కూడా ఉంది. బాక్స్‌లో పాత పేపరు మాత్రమే ఉంది.

"పద్మా! ఇందులోది ఏదీ?"

"స్వామా? రేణు తీసుకెళ్లింది" అంది పద్మ లోపల్నించి, పాలవాడొచ్చి వెళ్లాడన్నంత మామూలుగా.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. మచిలీపట్నంలో పద్మనాభం పినతండ్రి కొడుకు పోయి ఆరు రోజులైంది. పది రోజులు మైల. దేవుడి గదికి తలుపు వేసేశారు, దీపం లేదు, గంట లేదు. అలాంటి ఇంట్లో, డిటర్జెంట్ డబ్బా కోసం గరాజ్‌లోకి వెళ్లిన పద్మకు మూత లేచి ఉన్న బాక్స్ కనిపించింది.

"చెప్పుల స్టాండ్ పక్కన, బూట్ల డబ్బాలో, పేపర్లో చుట్టిన అనంతపద్మనాభస్వామండీ! మీ పేరింటి దేవుడు! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మైలలో నేను ముట్టుకోకూడదు. అలాగని అక్కడ వదిలెయ్యనా? అందుకే రేణూని పిలిచాను. పాపం తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని వచ్చి, వెండి పళ్లెంలో పెట్టుకుని తీసుకెళ్లింది."

"ఎందుకిచ్చావే!"

"నేనెక్కడిచ్చాను? నేనసలు ముట్టుకోలేదు."

ఆ మాటకు ఏ కోర్టులోనూ తిరుగు లేదు. పద్మనాభం పక్కింటికి పరిగెత్తాడు.

పక్కింటి రేణు, రాధాకృష్ణ దంపతులు ఆ పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. పద్మనాభం వాళ్ల గుమ్మం దాకా వెళ్లి, మెట్టు ఎక్కబోయి, టక్కున ఆగాడు. తనకూ మైలే. వ్రతమింట్లో కాలు పెట్టడానికి లేదు. లాన్‌లోంచి చుట్టూ తిరిగి వెనక గాజు తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశాడు. అరటి పిలకలు కట్టిన మంటపం నడుమ, బియ్యం మీద, తులసిదళాల మధ్య దేదీప్య లింటెల్ పడుకుని ఉంది. దానికి గంధం, కుంకుమ, పైన చిన్న పట్టు పంచె. ముందు రాధాకృష్ణ చేతిలో అక్షింతలతో కూర్చున్నాడు. పక్కన ల్యాప్‌టాప్ తెరిచే ఉంది, ఆయన డేటా సెంటర్‌కి ఆ వారం ఆన్-కాల్ ఆయనే.

పద్మనాభం గాజు తలుపు అవతల్నించే రేణుకి ఫోన్ చేశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఫోన్‌లో మాట్లాడుకున్నారు.

"రేణూ, అది విగ్రహం కాదమ్మా. లింటెల్."

"లింటెలంటే?"

"గుమ్మం మీద పెట్టే దిమ్మ."

"స్వామి ఎక్కడుంటే అదే గర్భగుడి అన్నయ్యగారూ. నేను పటం కూడా తీసేసి స్వామినే కూర్చోబెట్టాను. ఇవాళ పొద్దున్నే మా ఇంటికి నడిచొచ్చాడంటే ఎంత అదృష్టం!"

"నడిచి రాలేదమ్మా, నువ్వెత్తుకెళ్లావు. ఆ కథ కాస్త ఆపించు."

రేణు ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. పంతులుగారు తలెత్తి గాజు అవతలి మనిషిని జాలిగా చూశారు. "ఆవాహన అయిపోయిందండీ. మధ్యలో వ్రతం ఆపడం కుదరదు. ఐదు అధ్యాయాలూ పూర్తవ్వాలి. పదకొండున్నరకల్లా వదిలేస్తాను."

పదకొండున్నర అంటే టైం ఉంది. పద్మనాభం గుండె కుదుటపడింది. గుడిని జాగ్రత్తగా వ్యాన్‌లోకి ఎక్కించి, చుట్టూ దిండ్లు కుక్కి, సీట్ బెల్టు కూడా పెట్టాడు. ఆయన ఆ పనిలో ఉండగా రేణు వాళ్లింట్లో వ్రతానికొచ్చిన గిరిజ అనే ఆవిడ ఒక ఫోటో తీసింది. తీసి ఊరుకుంటే సరిపోయేది. వెయ్యి మందికి పైగా ఉన్న ఆష్‌బర్న్ తెలుగు మహిళల వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద భక్తిగా రాసింది: "రేణు గారింట థాయ్‌లాండ్ నుంచి విచ్చేసిన వెయ్యేళ్ల నాటి అనంతశయన స్వామి. ఈ మధ్యాహ్నం దాకా మాత్రమే దర్శనం."

పావుగంటలో మొదటి కారు వచ్చింది. పదకొండింటికి వీధి మొదలు కొస కార్లే. మీటింగుల్లో మ్యూట్ పెట్టుకుని, చెవుల్లో బడ్స్‌తో, చేతుల్లో కొబ్బరికాయలతో మగవాళ్లు వరసలో నిలబడ్డారు. పద్మనాభం డ్రైవ్‌వేకి అడ్డంగా ఒకటి కాదు, మూడు కార్లు. ఆయన తన పాత ఆకుపచ్చ ఇన్‌స్పెక్షన్ జాకెట్ తొడుక్కుని వీధిలోకి దిగాడు. "బాబూ, ఇక్కడ ఫైర్ హైడ్రెంట్ ఉంది, పార్క్ చెయ్యకు. అమ్మా, మీరు వెనక్కి తియ్యండి" అంటూ, తన లింటెల్ దర్శనానికి వచ్చిన వాళ్లకు తానే దారి చూపించాడు. జాకెట్ చూసి ఇంకో పదిమంది ఇదేదో పద్ధతిగా జరుగుతున్న ఏర్పాటు అనుకుని వరసలో చేరారు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఏమిటో ఆయనకు అరవై రెండేళ్లకు అర్థమైంది.

వచ్చిన ప్రతివాళ్లూ గోత్రనామాలు చెప్పి అర్చన చేయించుకుంటున్నారు. పంతులుగారు కాదనలేరు. పదకొండున్నరకు అయిపోవలసిన కథ, పదకొండు ముప్పావుకి మూడో అధ్యాయంలో ఉంది. అప్పుడు ఫోన్ మోగింది.

"బయల్దేరిన్రా అంకుల్?" దేదీప్య.

"ఇదిగో, అదే పని మీద ఉన్నానమ్మా."

"లింటెల్ పదిలమే కదా?"

"చాలా పదిలంగా ఉంది తల్లీ. ఇంత పదిలంగా ఎప్పుడూ లేదు."

"థ్యాంక్స్ అంకుల్. మీరున్నరు గనక ధైర్యంగ ఉన్న" అని ఆ పిల్ల పెట్టేసింది. ఎనిమిది నెలలుగా కింద నుంచి వినిపించిన ఆ రాతి గీకుడు పద్మనాభం చెవుల్లో తిరిగింది. కడుపున పుట్టకపోయినా ఆ పిల్ల మీద తనకింత మమకారం ఉందని ఆయనకు ఆ నిమిషం దాకా తెలియదు. ఇంకో గంటలో ఆ రాయి బయల్దేరకపోతే పిల్ల బతుకు వీధిన పడుతుంది, అది తన గరాజ్‌లోంచే పడుతుంది.

ఆయన వరస ముందుకొచ్చి లాన్ మధ్యలో నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

"అమ్మా, అయ్యా, ఒక్క నిమిషం. లోపలున్నది దేవుడు కాదని నేననను. కానీ ఈ స్వామికి ఒక ఇల్లుంది. ఇదివరకు ఒకసారి ఆ ఇంటి మీంచి ఎవరో ఎత్తుకుపోతే, సముద్రాలు దాటి ఈ దేశంలోనే, షికాగోలో అద్దాల వెనక ఉన్నాడు. అక్కడా అందరూ చూసి బాగుందనే అన్నారు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. కానీ అక్కడ ఆయన గుమ్మం బోసిగా ఉండిపోయింది. ఇప్పుడా గుడి నా వ్యాన్‌లో ఉంది. రెండింటికి ఒక ఆడపిల్ల దాని ముందు నిలబడి పరీక్ష ఇవ్వాలి. స్వామిని ఇంటికి పంపించండి."

బడ్స్ పెట్టుకున్న కుర్రాళ్లు కూడా ఒక చెవి ఖాళీ చేసుకున్నారు. గాజు తలుపు తెరుచుకుని రేణు బయటికొచ్చింది, కళ్లు తుడుచుకుంటూ.

"నేను దొంగనన్నట్టు మాట్లాడతారేంటి అన్నయ్యగారూ! పంపను అన్నానా? మంటపం బోసిగా పెట్టి ఎలా పంపనూ? బదులు ఏదో ఒకటి ఉండాలి కదా."

పంతులుగారు లోపల్నించే అన్నారు: "పసుపు ముద్దలోకి ఆవాహన చేసుకుని, ఈ మూర్తికి ఉద్వాసన చెప్పేస్తానమ్మా. ఐదు నిమిషాలు."

పద్మనాభం నోరు తెరిచాడు. "ఈ మాట పదింటికే చెప్పొచ్చుగా పంతులుగారూ?"

"పదింటికి మీరు కథ ఆపమన్నారు. స్వామిని సాగనంపమని ఇప్పుడే కదండీ అడిగారు."

ఉద్వాసన అయింది. కానీ పూజలో ఉన్న చేతులు మైలలో ఉన్న చేతుల్ని తాకకూడదు. కాబట్టి రాధాకృష్ణ పట్టుపంచెతో నడిచొచ్చి, లింటెల్‌ను వీధి మధ్యలో అరిటాకు మీద దించి, నాలుగడుగులు వెనక్కి వేశాడు. పాతికేళ్ల స్నేహితులు ఒకరినొకరు గంభీరంగా చూసుకున్నారు. పద్మనాభం వంగి అందుకుని, షూ బాక్స్‌లో పాత పేపరు మధ్య దాని గుంటలోనే పెట్టాడు. కార్లు ఒక్కొక్కటే పక్కకు జరగడానికి అరగంట పట్టింది. ఎవరో టైరు కింద నిమ్మకాయ పెట్టారు. ఆడవాళ్లు వీధికి రెండు పక్కలా నిలబడి "గోవిందా!" అంటుండగా మినీవ్యాన్ బయల్దేరింది. అప్పటికి పన్నెండున్నర దాటింది.

ఒకటీ నలభైకి ఆయన యూనివర్సిటీ హాల్లో ఉన్నాడు. దేదీప్య కమిటీ వాళ్లను తీసుకురావడానికి కిందికెళ్లింది. ఈలోగా ఇద్దరు విద్యార్థులు గుడిని మోసుకొచ్చి బల్ల మీద పెట్టి వెళ్లారు. బల్లకు ఇంకో కొసన ఒక గాజు పెట్టె, అందులో చిన్న లైటు, లోపల ఏమీ లేదు. బొకే పెట్టడానికి కాబోలనుకున్నాడు పద్మనాభం.

అప్పుడాయన చూపు తూర్పు గుమ్మం మీద పడింది. గుమ్మం మీద లింటెల్ లేదు. పైన అంత గోపురం బరువు, కింద నోరు తెరుచుకున్న సందు. ముప్పై ఏళ్లలో లింటెల్ లేని గుమ్మానికి ఆయన ఒక్కసారి కూడా సంతకం పెట్టలేదు. కమిటీ వాళ్లు ఇలా చూస్తే ఏమనుకుంటారు? పాపం పిల్లకు చూసుకునే టైం ఎక్కడిది? జేబులోంచి జిగురు ట్యూబు తీశాడు. షూ బాక్స్‌లోంచి స్వామిని ఎత్తి, రెండు కొసలకూ పట్టించి, గుమ్మం మీద ఆనించి, రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి నొక్కి పట్టుకున్నాడు. వెంట్రుక సందు లేకుండా కూర్చుంది. గంధం, కుంకుమ అలాగే ఉన్నాయి. కళ్లు చెమర్చి ఒక అడుగు వెనక్కి వేశాడు.

తలుపు తెరుచుకుంది. దేదీప్య, వెనక ముగ్గురు కమిటీ సభ్యులు. దేదీప్య గుమ్మం వైపు చూసింది. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అంకుల్... ఏం చేసిన్రు?"

"ఎక్కడిది అక్కడ పెట్టాను తల్లీ."

"నా థీసిస్ పేరే ‘ఖాళీ గుమ్మం’ అంకుల్." బల్ల కొసన ఉన్న గాజు పెట్టె చూపించింది. "ఇరవై ఏండ్లకు పైగా ఆ గుమ్మం ఖాళీగ ఉండె. ఆ ఖాళీని చూసుకుంట అక్కడి జనం ఎట్ల బతికిన్రు, అదే నా రీసెర్చ్. లింటెల్ ఆ గాజు పెట్టెల ఉండాలె, మ్యూజియంల ఉన్నట్టు. గుమ్మం ఖాళీగ ఉండాలె. పొద్దున అదే చెప్పబోయిన."

పద్మనాభం గుమ్మం వైపు చెయ్యి చాపాడు. "పీకేద్దామా?"

"పీకితే గుమ్మం కూడా ఊడొస్తది."

కమిటీ అధ్యక్షురాలు డాక్టర్ సిరిపోర్న్ అప్పటికే బల్ల దగ్గర వంగి చూస్తోంది. అరవైకి దగ్గరపడ్డ సన్నటి మనిషి, ఆ గుడి ఉన్న జిల్లాలోనే పుట్టి పెరిగింది. కళ్లద్దాలు సవరించుకుని ఇంగ్లిష్‌లో అడిగింది: "ఖాళీ గుమ్మం అన్నారు. ఖాళీ ఎక్కడ? ఈ ఎర్ర పొడి ఏమిటి?"

పద్మనాభం ముందుకొచ్చాడు. తప్పు నాదే, ఆ పిల్లది కాదు, అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. షూ బాక్స్, మైల, వెండి పళ్లెం, వాట్సాప్ ఫోటో, వరస, బదులు ఏదో ఒకటి ఉండాలన్న పట్టు, అరిటాకు మీద అప్పగింత, వీధికి రెండు పక్కలా గోవిందలు, చివరికి జిగురు. ఏదీ దాచలేదు. చెప్పి తల వంచుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు ఎంతోమంది కాంట్రాక్టర్లు ఆయన ముందు అలాగే నిలబడ్డారు.

మిగతా ఇద్దరు సభ్యులు పెదాలు బిగించుకున్నారు. సిరిపోర్న్ మాత్రం నవ్వలేదు. చాలాసేపు ఆ కుంకుమ బొట్టు వైపే చూసింది.

"ఆ రాయి తిరిగొచ్చిన నాడు నేను కాలేజీలో ఉన్నాను. మా అమ్మమ్మను తీసుకుని కొండెక్కాను. దాన్ని చూసి ఆవిడ ఏడుస్తూనే ఉంది" అంది మెల్లగా. "అప్పుడు కూడా ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో వచ్చారు."

దేదీప్య ఆమె వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది. తర్వాత పద్మనాభం చేతిలోంచి షూ బాక్స్ తీసుకుంది. పాత పేపరుతో సహా దాన్ని గాజు పెట్టెలో పెట్టి, మూత తీసి, లైటు వేసింది. లైటు వెలుగులో ఆ పేపరు మధ్య లింటెల్ ఆకారంలో ఒక గుంట స్పష్టంగా కనిపించింది.

"నేను గుమ్మంలో ఖాళీ చూపిద్దామనుకున్నాను" అంది కమిటీతో, ఇంగ్లిష్‌లో. "వస్తువు ఇంటికెళ్లిపోతే ఖాళీ పోదు, తీసుకున్నవాళ్ల దగ్గరకు మారుతుంది. అది నా థీసిస్‌లో లేదు. ఈ పొద్దున మా వీధిలో జరిగింది. అక్కడి నుంచి మొదలుపెడతాను."

పద్మనాభాన్ని బయటికి పంపేశారు. కారిడార్‌లో బెంచీ మీద ఆయన గంటన్నర కూర్చున్నాడు. లోపల నుంచి దేదీప్య గొంతు ఆగకుండా వినిపిస్తూనే ఉంది. ఆయనకు ఒక్క మాట కూడా సరిగ్గా అందలేదు, అయినా లేచి వెళ్లి అడ్డం పడలేదు. పద్మ నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ "తెలీదే" అన్నాడు. మూడూ నలభైకి తలుపు తెరుచుకుంది. దేదీప్య ఏడుస్తూ, నవ్వుతూ వచ్చి ఆయన భుజం మీద తల వాల్చింది. "పాసైన అంకుల్" అంది. ఆయన ఆ పిల్ల నెత్తిమీద చెయ్యి వేసి, చాలాసేపు తియ్యలేదు.

కమిటీ ఒకే ఒక్క సవరణ రాసింది: పద్మనాభం పేరును కృతజ్ఞతల పేజీలోంచి తీసి, ‘పరిశోధన పద్ధతి’ అన్న అధ్యాయంలో చేర్చాలి.